ప్రాసెసర్ పిన్నులు వంగి ఆగిపోయిన కంప్యూటర్‌ను తిరిగి నడిపించడం ఎలా

"ఆయ్, ఫ్యాను తిరుగుతుందండి, లైటూ వెలుగుతుందండి, బొమ్మ మాత్రం రాట్లేదండి." అమలాపురంలోని నా సర్వీసు గదికి వచ్చేవారిలో చాలామంది మొదట చెప్పే మాట ఇదే. డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనడం మన దగ్గర అలవాటు కనుక, లోపల ఉండే అసలు ప్రాసెసర్‌ను ఈ మధ్య ఎవరైనా బయటికి తీశారా అని నేను విడిగా అడుగుతాను. దుమ్ము దులపడానికి కూలర్‌ను (ప్రాసెసర్ వేడిని తీసే లోహపు దిమ్మె, ఫ్యాను) లాగితే దాని అడుగున అతుక్కుని ప్రాసెసర్ కూడా ఊడి వచ్చిందని, దాన్ని మళ్లీ నొక్కి పెట్టామని జవాబు వస్తే సంగతి సగం తెలిసినట్లే. ఊడి వచ్చినప్పుడు వంగేది సాధారణంగా ప్రాసెసర్ అడుగున ఉండే సన్నని లోహపు పిన్నులలో రెండు మూడు. వాటిని గమనించకుండా తిరిగి సాకెట్‌లోకి, అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూటిలోకి, నొక్కినప్పుడే అవి మడత పడతాయి, విరుగుతాయి, పక్కవాటిని కూడా పడగొడతాయి. నా దగ్గరికి వచ్చి బాగుపడకుండా తిరిగి వెళ్లిన ప్రాసెసర్లలో ఎక్కువ భాగం మొదటి ప్రమాదంలో చెడినవి కావు, ఆ తరువాతి పది నిమిషాల తొందరలో చెడినవి. అందువల్ల ఈ వ్యాసంలో నేను ఎక్కువ చోటు ఇచ్చేది ఆ పది నిమిషాలకే.

ఈ ప్రమాదం ఎక్కువగా ఏఎండీ సంస్థ ఏఎం4 సాకెట్ ప్రాసెసర్లకు జరుగుతుంది. 2017లో వచ్చిన మొదటి రైజెన్ ప్రాసెసర్ల నుంచి 5000 వరుస వరకు ఇళ్లలో వాడే మామూలు డెస్క్‌టాప్ రైజెన్‌లన్నీ ఈ సాకెట్‌వే. నలభై మిల్లీమీటర్ల చదరంలో 1331 పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. సాకెట్ పక్కనున్న లీవరును దించినప్పుడు లోపలి రేకులు పిన్నులను పక్క నుంచి పట్టుకుంటాయి తప్ప, ప్రాసెసర్‌ను పై నుంచి అదిమి ఉంచే చట్రం ఏదీ ఉండదు. ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చడానికి మధ్యలో పూసే థర్మల్ పేస్టు ఏళ్ల తరబడి వాడకంలో ఎండి, కూలర్‌నూ ప్రాసెసర్‌నూ బంకలాగా కలిపేస్తుంది. అప్పుడు కూలర్‌ను నిటారుగా పైకి లాగితే, లీవరు దించి ఉన్నా సరే, ప్రాసెసర్ దానితోపాటు లేచి వస్తుంది.

అలా వచ్చిందని తెలిసిన క్షణంలో చేయవలసినది ఒక్కటే: కరెంటు తీగను గోడ నుంచి పీకి, చేతిలో ఉన్నదాన్ని పిన్నులు దేనికీ తగలకుండా బల్ల మీద వెల్లకిలా పెట్టి, కాసేపు ఆగడం. కూలర్‌కు అతుక్కుని ఉన్న ప్రాసెసర్‌ను గోరుతోనో స్క్రూడ్రైవరుతోనో పెకలించకండి. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో కూలర్ లోహాన్ని రెండు మూడు నిమిషాలు వేడి చేస్తే పేస్టు మెత్తబడుతుంది. అప్పుడు ప్రాసెసర్‌ను అంచుల దగ్గర మాత్రమే పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పితే జారి వస్తుంది. అప్పటికీ రాకపోతే చేపల గాలానికి కట్టే సన్నని నైలాన్ దారాన్ని రెండింటి మధ్యా పెట్టి, రంపంలా కదుపుతూ ఒక అంచు నుంచి మరో అంచుకు తీసుకురావచ్చు. మొండి పేస్టుకు ఇంతకన్నా నెమ్మదైన ఉపాయం నాకు ఇంకొకటి దొరకలేదు.

ఇక చూడడం. సరిచేయడం కన్నా ఇదే ఎక్కువ సమయం తీసుకోవాలి. పగటి వెలుతురు పక్క నుంచి పడే కిటికీ దగ్గర, తెల్లని కాగితం మీద ప్రాసెసర్‌ను పిన్నులు పైకి ఉండేలా పెట్టండి. పట్టుకునే ముందు లోహపు గొట్టానికి బిగించిన కుళాయినో, గ్రైండరు వంటి ఎర్తింగు ఉన్న యంత్రపు రంగు లేని లోహాన్నో ఒకసారి ముట్టుకుంటే ఒంటిలోని స్థిర విద్యుత్తు దిగిపోతుంది. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ కనుక ఆ భయం పొడి ప్రాంతాలలో ఉన్నంత ఉండదు గానీ, ఏసీ గదిలో ఉన్నట్లయితే ఈ జాగ్రత్త మానకండి. తరువాత కన్నును బల్ల మట్టానికి దించి, పిన్నుల వరుసలను చివరి నుంచి చూడండి. తాడు పట్టి నాటిన వరి చేనును గట్టు మీద కూర్చుని చూసినప్పుడు ఒక్క దుబ్బు పక్కకు ఒరిగినా వరుస చెడినట్టు ఎలా కనబడుతుందో, ఇక్కడా అంతే. పై నుంచి చూస్తే తెలియని వంపు చివరి నుంచి చూస్తే దాగదు. ఒక దిక్కు చూశాక ప్రాసెసర్‌ను తొంభై డిగ్రీలు తిప్పి మళ్లీ చూడాలి, ఎందుకంటే మీరు చూస్తున్న దిక్కుకే వంగిన పిన్ను ఆ వరుసలో నిటారుగానే కనబడుతుంది. ఫోను కెమెరాతో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి పెద్దవి చేసి చూసుకోండి. గళ్ల కాగితం మీద వంగిన ప్రతి పిన్నుకూ ఒక గుర్తు పెట్టుకోండి. పని సగంలో ఉండగా ఏది సరిచేశామో ఏది మిగిలిందో మరచిపోవడం చాలా సులువు.

నా మొదటి వంగిన పిన్నును నేను మా వీధి కంసాలి గారి దుకాణంలో సరిచేశాను. నా దగ్గర అప్పటికి భూతద్దం లేదు, ఆయన దగ్గర కంటికి పెట్టుకునేది ఉంది. ఆయన ప్రాసెసర్‌ను పట్టకారుతో ముట్టుకోనివ్వలేదు. పట్టకారు పిన్నును రెండు వైపులా నొక్కి పట్టుకుంటుంది కనుక వంపు ఎక్కడుందో అక్కడే బలం పడి అది విరుగుతుందని, నిలువునా కిందికంటా పట్టే గొట్టం లాంటిది కావాలని చెప్పారు. తీగను పదే పదే వంచి సాగదీస్తే లోహం గట్టిపడి పెళుసెక్కుతుంది. ఆభరణాల పనిలో అలాంటప్పుడు తీగను కాల్చి మళ్లీ మెత్తబరుస్తారు. ప్రాసెసర్ పిన్నుకు ఆ అవకాశం లేదు, అంత వేడి పెడితే పిన్ను అతుకే ఊడిపోతుంది. అంటే ప్రతి పిన్నుకూ వంగి నిలబడే ఓర్పు కొంతే ఉంటుంది, దాన్ని ముందుకూ వెనక్కూ ఊపిన ప్రతిసారీ అది ఖర్చవుతుంది. "ఒక్క వైపుకే రావాలి అబ్బాయ్, దాటించి వెనక్కి తేకూడదు" అని ఆ రోజు ఆయన అన్న మాటను నేను ఇప్పటికీ ప్రతి పిన్ను దగ్గరా పాటిస్తున్నాను.

ఆ గొట్టం పనికి సరిగ్గా సరిపోయేది పిల్లలు వాడే క్లిక్ పెన్సిల్. అందులోని ములుకులన్నీ తీసేస్తే లోహపు ముక్కు ఖాళీ గొట్టం అవుతుంది. 0.5 మిల్లీమీటర్ల పెన్సిల్ ముక్కు ఏఎం4 పిన్నుకు బాగా నప్పుతుంది, బిగుతుగా అనిపిస్తే 0.7ది వాడవచ్చు. ముక్కును పిన్ను కొన మీద దించి, కిందికంటా జారనిచ్చి, వంగిన దిక్కుకు ఎదురుగా వెంట్రుక వాసి కదపాలి. ముక్కు తీసి, మట్టానికి కన్ను దించి చూడాలి, మళ్లీ కదపాలి. ఒక్కో పిన్నుకు నాలుగైదు సార్లు పట్టినా తప్పు లేదు. పూర్తిగా నేలకు ఒరిగి పక్క పిన్నుల మధ్య పడుకున్న దాని మీదికి పెన్సిల్ ముక్కు వెళ్లదు. దాన్ని ముందు సన్నని కుట్టు సూదితో అడుగు నుంచి కాస్త లేపి, ఆ తరువాత పెన్సిల్ పట్టాలి. నరసాపురం వైపు ఇళ్లలో లేసు అల్లే సూదులు చేతికి దొరుకుతాయి గానీ వాటి కొనకు కొక్కెం ఉంటుంది, అది పక్క పిన్నును పట్టుకుని లాగుతుంది కనుక ఈ పనికి వద్దు. వరుస మొత్తం కొద్దికొద్దిగా ఒక వైపుకు వాలి ఉంటే సందులో పట్టేంత పలుచని ప్లాస్టిక్ కార్డును వరుసల మధ్య నిలువుగా దించి, వాలిన వైపు నుంచి మెల్లగా ఆనించి సరిచేయవచ్చు. షేవింగ్ బ్లేడు కూడా కొందరు వాడతారు. పిన్నులు నిలబడిన ఆకుపచ్చ పలక మీద గీత పడితే లోపలి దారులు తెగవచ్చు కనుక నేను బ్లేడు ముట్టను.

పిన్నుల మధ్యకు థర్మల్ పేస్టు చేరి ఉంటే, ఫార్మసీలో దొరికే రంగు సువాసన లేని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను మెత్తని కొత్త టూత్‌బ్రష్‌కు తడిపి, పిన్నుల వరుస వెంబడే తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. అడ్డంగా రుద్దితే బ్రష్షే పిన్నులను వంచుతుంది.

అన్ని వరుసలూ సరిగ్గా ఉన్నాయనిపించాక సాకెట్ లీవరును పూర్తిగా నిటారుగా లేపి, ప్రాసెసర్ మూలన ఉన్న బంగారు త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణానికి ఎదురుగా పెట్టి, వదిలేయండి. అది తన బరువుకే లోపలికి దిగాలి. దిగకపోతే వేలితో నొక్కకండి; తీసి, ఏ మూల ఎత్తుగా నిలిచిందో గుర్తుంచుకుని, ఆ మూల పిన్నులను మళ్లీ చూడండి. ఇంకా ఒక పిన్ను వంకరగానే ఉందని చెప్పడానికి సాకెట్ కన్నా నమ్మకమైన సాక్షి లేదు. నాలుగు అంచులూ సాకెట్‌కు సమంగా ఆనాకే లీవరు దించండి.

పరీక్షను డబ్బాలో కాకుండా బయట చేయడం మంచిది. మదర్‌బోర్డును అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, కొత్త పేస్టుతో కూలర్, ఒకే ఒక ర్యామ్, కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్, ప్రాసెసర్‌కు సొంత గ్రాఫిక్స్ లేకపోతే గ్రాఫిక్స్ కార్డు మాత్రం కలపండి. హార్డ్ డిస్కు, ఎస్‌ఎస్‌డీ, ముందు వైపు యూఎస్‌బీ తీగలు ఏవీ వద్దు. కూలర్ ఫ్యాను తీగ పెట్టకుండా పరీక్షించకండి. పవర్ స్విచ్ తగిలే రెండు పిన్నులను స్క్రూడ్రైవరు కొనతో ఒక్క క్షణం కలిపితే యంత్రం మొదలవుతుంది. మొదలైన వెంటనే ఆగిపోయి మళ్లీ మళ్లీ మొదలవుతుంటే, లేదా కాలిన వాసన వస్తే, తక్షణం తీగ పీకండి. రెండు పిన్నులు ఒకదానికొకటి ఆని ఉండవచ్చు. విద్యుత్తు తెచ్చే పిన్ను, అది తిరిగి వెళ్లే గ్రౌండు పిన్నుకు ఆనితే ఎస్‌ఎంపీఎస్ తనను తాను ఆపుకుంటుంది, డేటా పిన్నుకు ఆనితే ప్రాసెసర్ లోపలే కాలిపోవచ్చు.

ఫ్యాను నిలకడగా తిరుగుతూ బొమ్మ రాకపోతే, పిన్నుల మీద నింద వేయడానికి ముందు ఈ సంగతులు చూసి తీరాలి. ప్రాసెసర్ పక్కన ఉండే ఎనిమిది పిన్నుల 12 వోల్టుల తీగ పెట్టారా? విప్పి బిగించిన కంప్యూటర్లలో ఇది మరచిపోవడం అన్నిటికన్నా సాధారణం. ఇరవై నాలుగు పిన్నుల పెద్ద తీగ ఒక్కటే పెడితే ఫ్యాన్లు తిరుగుతాయి, ప్రాసెసర్‌కు మాత్రం కరెంటు చేరదు. రెండోది, మీ రైజెన్‌కు సొంత గ్రాఫిక్స్ ఉందా? 5600జీ వంటి వాటికి ఉంది. పేరులో అంకెల తరువాత జీ లేని ఏఎం4 రైజెన్‌లకు లేదు, వాటికి మానిటరు తీగను గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి పెట్టి "రిపేరు విఫలమైంది" అని నిరాశపడిన వారిని నేను చూశాను. మూడోది ర్యామ్. నాలుగు స్లాట్లు ఉన్న బోర్డులో ఒక్క ర్యామ్‌ను ప్రాసెసర్ వైపు నుంచి లెక్కించి రెండో స్లాట్‌లో పెట్టండి. అంతర్వేది, ఉప్పాడ వంటి తీరపు ఊళ్ల నుంచి వచ్చే కంప్యూటర్లలో ఉప్పుగాలికి ర్యామ్ అంచు మీద చిలుము పట్టి ఉంటుంది. పెన్సిల్ చెరిపే మెత్తని రబ్బరుతో ఆ పసుపు అంచును రుద్ది, పొడి దులిపి పెడితే చాలాసార్లు బొమ్మ వస్తుంది. ఇక భీమవరం చుట్టుపక్కల, చెరువుల ఏరేటర్ మోటార్లు ఒకేసారి మొదలైనప్పుడు వోల్టేజి ఊగే లైన్ల మీద నడిచిన యంత్రమైతే, తెలిసిన మంచి ఎస్‌ఎంపీఎస్‌ను ఒకసారి మార్చి చూడకుండా ముందుకు వెళ్లకండి.

తరువాత బయోస్ (ఆన్ చేయగానే బోర్డు మొదట నడిపే ప్రోగ్రాము) అమరికలను తుడిచేయాలి. తీగ పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి, నాణెం ఆకారంలో ఉండే సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు బయట ఉంచి తిరిగి పెట్టండి. ఆ తరువాతి మొదటి ఆన్‌లో ర్యామ్‌ను కొత్తగా సరిచూసుకోవడానికి బోర్డు నిమిషం పైగా తీసుకోవచ్చు, ఏఎం4 తరువాత వచ్చిన ఏఎం5 సాకెట్ బోర్డులైతే కొన్ని నిమిషాలు కూడా పట్టవచ్చు. ఆ సమయంలో తెర నల్లగానే ఉంటుంది, కంగారుపడి ఆపకండి. ఈ సందర్భంలో ఎఫ్‌టీపీఎం (తాళాల కీలను దాచే భద్రతా ఏర్పాటు) గురించి అడుగుతూ వై నొక్కాలా, ఎన్ నొక్కాలా అని తెర మీద ప్రశ్న వస్తే, విండోస్‌లో బిట్‌లాకర్ తాళం ఉన్నవారు రికవరీ కీ చేతిలో లేకుండా వై నొక్కకూడదు. నొక్కితే ప్రాసెసర్ బాగుపడినా డిస్కులోని ఫైళ్లు తెరుచుకోవు.

చాలా బోర్డుల అంచున నాలుగు చిన్న లైట్లు ఉంటాయి: సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్. వరుసగా వెలిగి ఆరుతూ పోయి ఎక్కడ ఆగిపోతుందో అక్కడే జబ్బు. సీపీయూ దగ్గర ఆగితే పిన్నులను, ఎనిమిది పిన్నుల తీగను మళ్లీ చూడాలి. డీర్యామ్ దగ్గర ఆగితే ర్యామ్‌ను ప్రతి స్లాట్‌లోనూ విడివిడిగా మార్చి చూడాలి. వీజీఏ దగ్గర ఆగితే గ్రాఫిక్స్ కార్డు సంగతి. బూట్ దాకా వచ్చిందంటే ప్రాసెసర్ తన పని చేసిందని, డిస్కు తీగ చూసుకోవాలని అర్థం.

ఒక పిన్ను విరిగిపోయిందనుకుందాం. అంతటితో ప్రాసెసర్ పోయినట్లు కాదు. 1331 పిన్నులలో చాలా భాగం విద్యుత్తును, గ్రౌండును మోసేవే. ఒకే పనిని అనేక పిన్నులు పంచుకుంటాయి కనుక అలాంటిది ఒకటి పోయినా యంత్రం నడిచే అవకాశం ఉంది. ప్రాసెసర్ నుంచి ర్యామ్‌కు చానెళ్లనే రెండు దారులు ఉంటాయి; వాటిలో ఒక దాని పిన్ను పోతే ఆ చానెల్ స్లాట్లు పనిచేయవు, రెండో చానెల్ స్లాట్లు పనిచేయవచ్చు. రావులపాలెం నుంచి వచ్చిన ఒక ఫొటో స్టూడియో కంప్యూటర్‌కు మూలన ఒక పిన్ను విరిగి, ఒక చానెల్ పూర్తిగా పోయింది. ర్యామ్‌ను రెండో చానెల్ స్లాట్‌కు మార్చితే బొమ్మ వచ్చింది, వేగం కొంత తగ్గినా దానితోనే వారి పెళ్లిళ్ల సీజను గడిచింది. గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే పిన్ను పోతే కార్డు కనబడకపోవచ్చు. ఏ పిన్ను ఏ పనిదో చూపే పటాలు దొరుకుతాయి, మీ గళ్ల కాగితం గుర్తు అప్పుడు పనికొస్తుంది. అయితే ఆన్ చేసే ముందు విరిగిన ముక్క సాకెట్ రంధ్రంలో ఉండిపోయిందేమో టార్చి వేసి చూడాలి. ఉంటే అది సూదితో వస్తుందా రాదా అన్నది ఓపిక మీద ఆధారపడి ఉంటుంది. కొత్త పిన్ను అతకడం మాత్రం ఇంట్లో చేసే పని కాదు. చిప్ లెవెల్ సర్వీసు అని బోర్డు పెట్టుకుని సూక్ష్మదర్శిని కింద పనిచేసేవారి దగ్గరికే తీసుకెళ్లాలి, ఆ ఖర్చు పాత ప్రాసెసర్ ధరను మించితే మానుకోవాలి.

ఇంటెల్ ప్రాసెసర్లలో కథ తలకిందులు. 2004లో వచ్చిన 775 సాకెట్ నుంచి డెస్క్‌టాప్ ఇంటెల్ పిన్నులు మదర్‌బోర్డులోనే ఉంటాయి, ప్రాసెసర్ అడుగున చదునైన బిళ్లలే ఉంటాయి. 2022లో వచ్చిన ఏఎం5తో ఏఎండీ కూడా ఈ పద్ధతికే మారింది, అందులో 1718 ఉంటాయి. ఇవి పిన్నులు అనడం కన్నా చిన్న స్ప్రింగులు అనాలి. అన్నీ ఒకే దిక్కుకు వాలి ఉంటాయి కనుక టార్చిని ఒక పక్క నుంచి వేస్తే కొనలన్నీ ఒకే తీరుగా మెరుస్తాయి, మెరుపు తప్పినదే చెడినది. ప్రాసెసర్ చేతి నుంచి జారి సాకెట్‌లో పడడం, తుడుస్తున్న గుడ్డ పోగు తగులుకోవడం దీనికి మామూలు కారణాలు. వీటికి పెన్సిల్ పనికిరాదు. భూతద్దం కింద సన్నని సూదితో కొనను దాని పొరుగువాటి తీరుకు తేవాలి, నిటారుగా నిలబెట్టకూడదు. ఏఎం4 పిన్ను కన్నా ఇది చాలా సున్నితం, చేయి వణికేవారు పూనుకోవద్దని నా సలహా. కొత్త బోర్డుతో వచ్చే నల్లని ప్లాస్టిక్ మూతను పారేయకండి, ప్రాసెసర్ లేనప్పుడల్లా సాకెట్‌కు అదే రక్ష.

వంగిన ప్రాసెసర్‌ను రిపేరుకు తీసుకెళ్లేటప్పుడు చేతిరుమాలులో చుట్టి జేబులో వేసుకుని బస్సెక్కేవారు ఉన్నారు. అలా చేస్తే దారిలో మరికొన్ని పిన్నులు వంగుతాయి. కొన్నప్పటి ప్లాస్టిక్ పెట్టె ఉంటే అదే మేలు. లేకపోతే ఆత్రేయపురం పూతరేకుల అట్టపెట్టె లాంటిది తీసుకుని, శుభ్రంగా తుడిచి, ప్రాసెసర్ లోహపు మూత వైపును రెండు వైపులా అంటుకునే టేపుతో పెట్టె అడుగుకు అతికించి, పిన్నులు పైకి ఏమీ తగలకుండా ఉండేలా మూత వేయండి. థర్మోకోల్‌లో గుచ్చకండి, అది స్థిర విద్యుత్తును పుట్టిస్తుంది.

ఇక మళ్లీ కూలర్ తీయవలసి వచ్చినప్పుడు, కంప్యూటర్ నడిచే స్థితిలో ఉంటే ముందు పావుగంట పాటు వీడియో చూడడమో ఏదైనా బరువైన పని చేయించడమో చేసి, పేస్టును వేడెక్కనివ్వండి. తరువాత ఆపి, తీగ పీకి, కూలర్ బిగింపులు వదులు చేసి, ఎత్తకుండా కుడికీ ఎడమకీ కొద్దికొద్దిగా తిప్పండి. పేస్టు పట్టు వదిలినట్టు చేతికి తెలిశాక, ఒక పక్క నుంచి వాల్చుతూ లేపండి. కూలర్ అడుగును ఒకసారి తిప్పి చూసి, ప్రాసెసర్ సాకెట్‌లోనే ఉందని కంటితో చూసుకున్నాకే దాన్ని పక్కన పెట్టండి.